ఆలస్యంగా వచ్చినవాడి కుర్చీ

ఖాజా భాయి మా వాకిట్లో సైకిల్ స్టాండు వేసేసరికి నేను చేటలో బియ్యం చెరుగుతున్నాను. లోపలికి రమ్మంటే రాలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. బొగ్గు బాయి మీద, దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో ఒక జీవితకాలం పనిచేసిన మనిషి. ఆయన టోపీ తీశాడంటే ఎవరో పోయినట్టే.

"చెల్లె, దయ్యాల సారు పోయిండట. కరీంనగర్ల. ఇయ్యాల సాయంత్రం తీస్కపోతరట," అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. తల ఎత్తి మా రేకుల కప్పు వంక చూశాను. చూసి, నా మీద నాకే చిరాకేసింది. ఆ సారు దగ్గర పనిచేసిన వాళ్ళందరికీ ఇదొక జబ్బు. మంచి మాట విన్నా, చెడ్డ మాట విన్నా ముందు కప్పు చూస్తాం.

"పోదామా మరి? నువ్వొస్తవా?" అన్నాడు ఖాజా భాయి.

"రాక? వస్త. ఏడ్వ గని వస్త," అన్నాను.

ఆయన పేరు నేను రాయను. రాసినా మా వైపు ఎవరికీ తెలియదు. బెల్లంపల్లి నుంచి నస్పూర్ దాకా బొగ్గు పని చేసిన ఏ ముసలాయన్ను అడిగినా దయ్యాల సారు అంటేనే తెలుస్తుంది. బాయి మీద ట్రైనింగ్ సెంటర్‌కు పెద్ద. జగిత్యాల దిక్కున భూములున్న ఇంటి బిడ్డ. బాగా చదువుకున్నవాడు. హైదరాబాద్‌లో ఫ్యాను కింద కూర్చోవలసిన మనిషి మా బొగ్గు దుమ్ములోకి వచ్చి పడ్డాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆఫీసులో కూడా బాయిలోకి దిగే బూట్లే. చేతిలో ఎప్పుడూ ఒక వెదురు కర్ర, దాని కొసకు ఇత్తడి పొన్ను.

ఆ కర్రతో కప్పు కొట్టి చూసేవారు. బాయి లోపల అది అందరూ చేయవలసిన పనే. కర్రతో పై బండను కొడితే ఖంగుమని మోగాలి. బోలుగా, డొల్లుగా మోగిందంటే బండ లోపల విడిపోయిందని అర్థం. ఆ కింద నిలబడకూడదు. ఇందులో వింతేమీ లేదు. వింతేమిటంటే ఆయన బాయి బయట కూడా కొట్టేవారు. బ్యాంకులో కొట్టేవారు. సినిమా హాల్లో కొట్టేవారు. కుర్చీ ఎక్కి మరీ కొట్టి, ఎడమ అరచెయ్యి పైన ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. తర్వాత "మంచిగనే ఉన్నది, కూసోండ్రి," అనేవారు, అదేదో తన సొంత ఇల్లయినట్టు. పెళ్ళి పందిట్లో గుడ్డ కప్పును కూడా కర్రతో పొడిచి చూశాడు మహానుభావుడు. పెళ్ళికూతురు మేనత్త ఎన్ని తిట్లు తిట్టిందో నాకింకా గుర్తే.

ఒకసారి మా కాలనీలో ఒకాయన కొత్తగా స్లాబు వేయించుకుని గృహప్రవేశానికి పిలిచాడు. సారు వచ్చి, ఒక మూలన కొట్టి, విని, ఏమీ అనకుండా విస్తరి చేత్తో పట్టుకుని బయటికెళ్ళి ఎండలో కూర్చుని తిన్నారు. అందరూ నవ్వారు. ఆ స్లాబు పడిందా అంటే పడలేదు, ఇప్పటికీ అట్లాగే ఉంది. కానీ ఆ ఇంట్లోవాళ్ళు ఈ రోజుకూ ఆ మూలన మంచం వేసుకోరు.

ఇవి చూసి ఆయన్ను తిక్క సారు అనాల్సింది. దయ్యాల సారు అన్నది ఆయన చెప్పే క్లాసు వల్ల.

మా ట్రైనింగ్ సెంటర్ పాత కట్టడం. దాని వెనకే ఎప్పుడో తెల్లదొరల కాలంలో తవ్వి వదిలేసిన బాయి నోరు ఉండేది. అడ్డంగా ఇటుక గోడ కట్టారు కానీ, గోడకు సందులున్నాయి. పొద్దున పూట ఆ సందుల్లోంచి గాలి లోపలికి పోయేది. మధ్యాహ్నం దాటితే బయటికి వచ్చేది. చల్లగా, తడి మట్టి వాసనతో వచ్చేది. చదువుకున్నవాళ్ళు అదంతా వాతావరణం ఒత్తిడి అనేవారు. మేము మాత్రం బాయి ఊపిరి తీస్తుంది అనుకునేవాళ్ళం. క్లాసు గది కిటికీ సరిగ్గా అటువైపే ఉండేది.

సారు రాకముందు ఆ గదిలో చదువు ఎట్లా ఉండేదో ఖాజా భాయి చెప్పేవాడు. ఒకాయన రూల్సు పుస్తకం చదివేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు నిద్రపోయేవారు. చివర్లో వేలిముద్ర వేసి బాయి దిగేవారు. సారు వచ్చి ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి, గది ముందు ఒక చేతుల కుర్చీ వేయించారు. క్లాసుకు అందరికన్నా చివర వచ్చినవాడు ఆ కుర్చీలో కూర్చోవాలి. అదీ రూలు.

కూర్చున్నాక సారు మస్టర్‌లో హాజరు పిలిచినట్టు ఒక పేరు పిలుస్తారు. అది మా బాయిలో చనిపోయిన మనిషి పేరు. కుర్చీలో ఉన్నవాడు "ఉన్న సార్" అనాలి. ఇక అక్కణ్ణుంచి బెల్లు మోగేదాకా వాడు ఆ చచ్చిపోయిన మనిషే. ఆ రోజు పొద్దున ఎట్లా దిగాడో, ఏం చూశాడో, కప్పు ఎట్లా మోగిందో, ఎందుకు ఆగలేదో 'నేను, నేను' అంటూ చెప్పాలి. మిగిలినవాళ్ళు ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. అడిగేముందు మాత్రం చచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలవాలి.

"తెల్వదు సార్, నేనప్పుడు లేను గదా," అని ఎవరైనా నసిగితే సారు ఊరుకునేవారు కాదు.

"ఎట్ల లేవు? బండ పడ్డది నీ మీదనే గదా. యాది జేస్కో," అనేవారు, చాలా నెమ్మదిగా.

మొదట్లో క్లాసు మధ్యలోనే లేచి పారిపోయినవాళ్ళున్నారు. ఇంటికి పోయి, దయ్యం పట్టిందేమోనని ఊదు వేయించుకున్నవాళ్ళున్నారు. కుర్చీలో కూర్చుని వచ్చిన మొగుడు రెండు పూటలు అన్నం ముట్టలేదని ఒకావిడ చీపురు పట్టుకుని సెంటర్‌కే వచ్చింది. "నా మొగని మీదికి సచ్చినోణ్ని తెచ్చినవ్, మల్ల తీస్కపో!" అని ఒకటే గోల. ఖాజా భాయి తన ఖర్చుతో తాయెత్తు కట్టించి పంపాడు ఆవిణ్ణి. కానీ బాయిలో ఒక మాట పుట్టింది. ఆ కుర్చీలో కూర్చున్నవాడు కప్పు కొట్టకుండా ఎక్కడా నిలబడడు, ఎవరు పొమ్మన్నా పోడు అని. ఆ మాట నిజం.

ఇంకో సంగతి. సారు చచ్చిపోయినవాళ్ళ గురించి "అన్నడు, పోయిండు" అనేవారు కాదు. "ఆయన ఏమంటుండంటే" అనేవారు. వరండాలో నడుస్తూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవారు. ఎవరికి సార్ అంటే బదులు చెప్పేవారు కాదు.

ఇక నా సంగతి. మా ఆయన బాయిలో టింబర్‌మన్. కప్పు కింద కర్రలు నిలబెట్టి బండను ఆపే పని. ఒక రోజు మొదటి షిఫ్టులో బండ పడి పోయాడు. మొగుడి బదులు పెళ్ళానికి ఉద్యోగం అన్నారు. ఆడవాళ్ళను లోపలికి దింపరు కాబట్టి ట్రైనింగ్ సెంటర్‌లో అటెండర్‌గా వేశారు. టెన్త్ దాకా చదివినదాన్ని, చాయ్ గ్లాసులు కడిగాను. దానికి నేను సిగ్గుపడలేదు. నన్ను కాల్చింది ఇంకొకటి. విచారణ జరిపినవాళ్ళు మా ఆయన తన తొందరపాటు వల్లనే పోయాడని తేల్చారు. కర్ర పెట్టకుండా ఉత్త కప్పు కిందికి తనంతట తనే వెళ్ళాడట. కర్రలు పెట్టడమే పనిగా బతికిన మనిషి! కాలనీలో పిల్లలు రోడ్డు మీద ఉరికితే తల్లులు మా ఆయన పేరు చెప్పి, "ఆయన లెక్క తొందరపడకు," అని తిట్టేవారు. నేను పక్కనుంచి పోతున్నా అనేవారు.

చేరిన కొత్తల్లోనే ఒక రోజు చాయ్ గ్లాసులు పట్టుకుని క్లాసు గది గుమ్మం దగ్గరికి వచ్చాను. లోపల సారు మా ఆయన పేరు పిలిచారు. ఎవడో "ఉన్న సార్" అన్నాడు.

చూస్తే కుర్చీలో ఎవరో ఇచ్చోడ దిక్కు నుంచి వచ్చిన కొత్త మనిషి, మరాఠీ కలిసిన యాస. అతను మా ఆయనై, తొందరపడి వెళ్ళానని చెప్పుకుంటున్నాడు. ఆ చాయ్ తెచ్చి అతని నెత్తిన పోయాలన్నంత కోపం వచ్చింది. క్లాసు అయ్యాక సారు నా దగ్గరికి వచ్చారు.

"చెల్లె, నీకు వద్దంటే ఈ పాఠం తీసేస్త. ఇంట్ల అడిగి చెప్పు."

ఇంట్లో అడగడానికి ఉన్నది మా అత్త ఒక్కతే. చూపు సగం పోయిన మనిషి. కొడుకు శవాన్ని ముట్టుకుని చూసి కూడా ఏడవలేదామె. నేను విషయం చెప్పి, తీసెయ్యమంటానన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తీసెయ్యద్దను. ఏమన్నడు వాడు?"

"ఎవడు?"

"నా కొడుకు. ఇయ్యాల ఏమన్నడు?"

విన్నది విన్నట్టు చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "గట్లనడు వాడు. గా మనిషికి వాడు తెల్వదు," అంది. అప్పటినుంచి కొత్త బ్యాచ్ వచ్చి మా ఆయన పాఠం నడిచిన ప్రతిసారీ ఇదే. నేను గుమ్మం అవతల నిలబడి వినాలి, సాయంత్రం వచ్చి అప్పజెప్పాలి. "దగ్గిండా?" అని అడిగేది. "నవ్విండా?" అని అడిగేది. బతికున్నప్పుడు కొడుకు ఇన్ని మాటలు చెప్పి ఉండడు ఆమెకు. ఒక్కో మనిషి గొంతుతో ఒక్కో రకంగా మా ఆయన ఇంటికి వస్తూనే ఉన్నాడు. కానీ ఏ గొంతుతో వచ్చినా తొందరపడ్డాననే అనేవాడు. అది విని అత్త ఉమ్మేసేది. "నా కొడుకు తెలివిలేనోడు గాడు. ఒక్కనాడన్న నిజం చెప్పకపోతడా," అనేది.

అట్లా ఏళ్ళు గడిచాయి. బాయిల్లోకి పెద్ద మిషన్లు దింపుతారన్నారు. వాటితోపాటు కొత్త జనరల్ మేనేజర్ వచ్చాడు. కోస్తా వైపు మనిషి, చురుకైనవాడు. అన్ని ఆఫీసులూ తిరిగి, ఎవరి పని వల్ల బొగ్గు ఎంత పెరుగుతుందో చెప్పమన్నాడు. మా సెంటర్‌కూ వచ్చాడు. నేను చాయ్ ఇస్తూ అక్కడే ఉన్నాను.

"మీ దయ్యాలు నెలకి ఎన్ని టన్నులు తవ్వుతాయండీ?" అని అడిగాడు నవ్వుతూ.

"తవ్వయి సార్. తవ్వేటోణ్ని ఆపుతయి," అన్నారు సారు.

"ఆపడానికా నేను మిషన్లు తెప్పించింది? కంపెనీ ఒక వైపు పోతుంటే మీ చదువు ఇంకో వైపు పోతే ఎలా? శిక్షణ ఉత్పత్తికి పనికి రావాలి."

సారు కర్రతో టేబుల్ మీద పరిచిన ప్లాన్ కాయితాన్ని చూపించారు. "నేనూ గదే అంటున్న సార్. మిషన్ పోవాలంటే దారి వెడల్పు గావాలె. దారి వెడల్పయితే కప్పు గూడ గంత వెడల్పు ఉత్తగుంటది. మీ ప్లాన్ల మిషన్ ఉన్నది, టార్గెట్ ఉన్నది. బండ లేదు. బండను గూడ ఎక్కియ్యండ్రి. ఒక్కసారి పడితే మిషనూ పోతది, మనుషులూ పోతరు, మీ టన్నులూ పోతయి."

"అందుకు కార్మికులకు మీరు చెబుతూనే ఉన్నారు కదా?"

"వాళ్ళు నేర్సుకున్నరు సార్. పోనని చెప్పుడు నేర్సుకున్నరు. పొమ్మనేటోళ్ళే ఒక్కనాడు గూడ నా క్లాసుకు రాలే. వాళ్ళు నేర్సుకోకుంటే వీళ్ళు నేర్సుకున్నది మన్నుల గలుస్తది."

జీఎం ప్లాన్ కాయితం మళ్ళీ చూశాడు. సరే, మిషన్ దిగేముందు ఓవర్‌మన్లందరికీ ఒక్క క్లాసు పెట్టండి, నేనూ వెనక కూర్చుంటాను, పనికొస్తుందనిపిస్తే ఉంచుదాం, లేదంటే ఆ గదికి తాళం వేయిద్దాం అన్నాడు. ఓవర్‌మన్ అంటే షిఫ్టులో మనుషులకు పని చెప్పి నడిపించే పెద్ద. ఆ బిరుదు వచ్చిందంటే ఇక నేర్చుకోవలసిందేమీ లేదని మా దగ్గర లెక్క.

ఆ రోజు పొద్దున సారు నన్ను పిలిచారు. "చాయ్ పని ఖాజాకు అప్పజెప్పు. నువ్వు లోపల కూసో చెల్లె."

"నేనెందుకు సార్?"

"కూసో."

ఓవర్‌మన్లందరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చి వరసగా కూర్చున్నారు. ఒక్క కిష్టయ్య తప్ప. కిష్టయ్య మా ఆయన పోయిన రోజు ఆ షిఫ్టులో ఓవర్‌మన్. శవాన్ని ఇంటికి తెచ్చిందీ అతనే. "నొప్పి తెల్వకుండ పోయిండు, నోట్లెకెల్లి మాట గూడ రాలే," అని మా అత్తకు చెప్పిందీ అతనే. ఆ తర్వాత నేను ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు.

అతను అందరికన్నా ముందే వచ్చాడట. దీపాల గది వెనక బీడీ మీద బీడీ కాలుస్తూ ఉండిపోయాడట, ఖాజా భాయి చూశాడు. బాయి మీద పద్ధతి ఏమిటంటే మస్టర్ మూసేశాక వచ్చినవాణ్ణి దింపరు, ఇంటికి పొమ్మంటారు. క్లాసు కూడా అంతేననుకున్నాడు పాపం. ఎన్నడైనా వచ్చి ఉంటే కదా తెలిసేది. బెల్లు మోగి అందరూ సర్దుకున్నాక, తేలికపడ్డ మొహంతో గుమ్మంలో నిలబడ్డాడు.

"లేటయ్యింది సార్. మాఫ్ జెయ్యిండ్రి. మల్లెప్పుడన్న వస్త."

"రా కిష్టయ్యా. నీ కోసమే కుర్చీ ఉన్నది," అన్నారు సారు.

ఎవరో నవ్వారు. కిష్టయ్య వెనక కూర్చున్న జీఎంను చూశాడు. తప్పక వచ్చి కూర్చున్నాడు. సారు పేరు పిలిచారు. మా ఆయన పేరు.

కిటికీలోంచి బాయి గాలి వచ్చింది. పొద్దున పూట అది లోపలికి పోవాలి కదా అని నాకు తట్టింది. సారు మళ్ళీ పిలిచారు.

"ఉన్న సార్."

మా ఆయన ఇట్లాగే అనేవాడు. ముందు చిన్నగా దగ్గి, అప్పుడు అనేవాడు. నేను కూర్చున్న బల్ల అంచు పట్టుకున్నాను.

ప్రశ్నలు అడగమన్నారు. ఒక ఓవర్‌మన్ వేళాకోళంగానే మొదలుపెట్టాడు. పేరు పిలిచి, ఎందుకు పోయినవయ్యా కప్పు కిందికి అన్నాడు. తొందరపడి పోయిన అని వచ్చింది జవాబు. అప్పుడు సారే అందుకున్నారు.

"కర్ర పెట్టినవా?"

"పెట్టలే."

"ఎందుకు పెట్టలే?"

"కర్ర రాలే సార్. పైకెల్లి పంపలే."

"కర్ర రాకుంటే ఏం జేసినవ్?"

కుర్చీలో మనిషి తల దించుకున్నాడు. "పోనన్న."

వెనక జీఎం ముందుకు వంగాడు.

"ఎవరితోని అన్నవ్?"

"ఓవర్‌మన్‌తోని."

"పేరు జెప్పు."

"కిష్టయ్యతోని," అన్నాడు కిష్టయ్య. "కర్ర వచ్చేదాక ఆగుదమన్న. కప్పు కొట్టి ఇనిపిచ్చిన. డొల్లుగ మోగింది. ఆయన గూడ ఇన్నడు. ఇని గూడ, జరంత బొగ్గే మిగిలింది, లాగేసి రా, పైనకెల్లి ఫోన్ మీద ఫోన్ వస్తున్నది, ఇయ్యాల టార్గెట్ గాకుంటే నా మీదికొస్తది అన్నడు. నాకు పెండ్లాం ఉన్నది, అవ్వ ఉన్నది అన్న. నాకు గూడ ఉన్నరు పో అన్నడు. పోయిన."

వెనక వరసలో ఎవరూ తల ఎత్తలేదు. ఆ గదిలో ఉన్న ప్రతి ఓవర్‌మనూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరినో ఒకరిని అట్లా పొమ్మన్నవాడే. వాళ్ళ అదృష్టం, బండ పడలేదు.

నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు. సారు నా వైపు చూసి, "పేరు పెట్టి పిలువాలె చెల్లె," అన్నారు.

మాలో పెళ్ళాం మొగుడి పేరు పలకదు. పెళ్ళయిన నాటినుంచి, పోయిన తర్వాత కూడా, నేనొక్కసారీ పలకలేదు. ఆఫీసులో మొగుడి పేరు చెప్పమంటే పక్కవాళ్ళ చేత చెప్పించాను.

"ఓదెలూ," అన్నాను. "బండ పడ్డంక... ఏమన్న అన్నవా?"

కిష్టయ్య నన్ను చూడలేదు. నా తల మీదుగా ఎక్కడో చూస్తున్నాడు. మళ్ళీ ఆ చిన్న దగ్గు వచ్చింది. కిష్టయ్యకు ఆ అలవాటు లేదు. నేను ఎవరి ముందైనా ప్రమాణం చేస్తాను, లేదు.

"అన్న. నడుము మీద ఉండె బండ. కొంచెం సేపు పాణం ఉండె. అవ్వ గిప్పుడు జర పండుకుంటది, లేపకుండ్రి, నేనే వస్త, వచ్చి నేనే చెప్త అన్న."

ఆ తర్వాత అతను మొహం కప్పుకుని పెద్దగా ఏడ్చాడు. అది కిష్టయ్య ఏడుపే. అందరూ లేవబోయారు.

"కూసోండ్రి. ఇంక అయిపోలే," అన్నారు సారు. కర్ర గోడకు ఆనించి, కిష్టయ్యను లేపి, ఆ కుర్చీలో తాను కూర్చున్నారు. అప్పటిదాకా ఆయన ఎన్నడూ అందులో కూర్చోలేదు. జీఎం వైపు చూసి చెప్పారు. "నేను బతికున్నోణ్నే, నా పేరుతోనే మాట్లాడుత. ఓదెలు విచారణల నేను గూడ ఉన్న. అప్పుడు కిష్టయ్య చెప్పింది నేను నమ్మలే. నమ్మినట్టు సంతకం బెట్టిన. పనాగిపోతదని, బాయి మూస్తరని జెప్పిన్రు. తల ఊపిన. ఇగ అడగండ్రి."

నాకు అడగాలనిపించలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు ఈ మనిషికి చేతులారా చాయ్ పోశానే అనుకున్నాను. ఈ పాఠం తీసెయ్యమంటావా అని జాలిగా అడిగిన మనిషి!

తర్వాత జరిగింది తొందరగా చెప్పేస్తాను. సారూ కిష్టయ్యా ఇద్దరూ నిజం రాసిచ్చారు. మా ఆయన మీద వేసిన మాట కొట్టేశారు. సారుకు రావలసిన ప్రమోషన్ రాలేదు, ముందే రిటైరై కరీంనగర్ వెళ్ళిపోయారు. జీఎం గదికి తాళం వేయలేదు. పైగా ఆ క్లాసు ఓవర్‌మన్లకూ మేనేజర్లకూ తప్పనిసరి చేశాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. మిషన్ దిగిన కొత్తల్లో కర్ర రాలేదనీ కప్పు మోగుడు బాగాలేదనీ పని ఆపింది ఓవర్‌మన్లే. జీఎం ఫోన్లో అరిచాడు కానీ ఎవరినీ పొమ్మనలేదు. కుర్చీ మాత్రం ఉండనివ్వలేదు. అది తీసేసి తెర కట్టి, బొమ్మలు చూపించడం మొదలుపెట్టారు. దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు. జనం మళ్ళీ కునుకు తీయడం కూడా మొదలుపెట్టారు.

కానీ నాకు సారు అంటే గుర్తొచ్చేది ఇదంతా కాదు, ఆ రోజు సాయంత్రం. సెంటర్ నుంచి బయలుదేరి నేను ముందు నడుస్తున్నాను. వెనక బూట్ల చప్పుడు. తిరిగి చూస్తే ఆయన. చేతిలో కర్ర లేదు.

"ఎక్కడికి?" అన్నాను. సార్ అనలేదు.

"అమ్మకు నేనే జెప్పాలె."

"మీకెప్పట్నుంచి తెలుసు?"

"తెల్వదు చెల్లె. అనుమానం. అనుమానమని తెలిసే సంతకం బెట్టిన."

వద్దని తిట్టి పంపించేయాలనుకున్నాను. కానీ ముందుకే నడిచాను. మా ఇల్లు చేరాం. అత్త గడపకు ఆనుకుని కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని, "ఎవలను తోలుకొచ్చినవ్?" అంది. సారు ఆమె ముందు నేల మీద కూర్చున్నారు. ఏమీ దాచకుండా చెప్పారు. కర్ర రాని సంగతి, కప్పు మోగిన సంగతి, కిష్టయ్య పొమ్మన్న సంగతి, తన సంతకం సంగతి. అత్త ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. కొడుకు తప్పు లేదన్నప్పుడు కూడా ఆమె మొహంలో సంతోషం కనబడలేదు. ఆఖరి మాట దగ్గర మాత్రం చెయ్యి ఎత్తి ఆపింది.

"ఏమన్నడు? మల్లొక్కసారి చెప్పు."

"అవ్వ జర పండుకుంటది, లేపకుండ్రి, నేనే వచ్చి నేనే చెప్త అన్నడట."

"నేను పండుకోలే బిడ్డా," అంది అత్త. అది సారుతో అనలేదు. మా వెనక, వాకిలి వైపు చూస్తూ అంది. "వాడు పోయినకాడికెల్లి నేను పగటిపూట పండుకున్నదే లేదు. వస్తడని కూసున్న. రోజుకో మనిషోలె వచ్చిండు గని, చెప్పేది చెప్పకుండనే పోయె."

వాకిట్లో ఎవరూ లేరు. నేను తిరిగి చూశాను, సారు కూడా చూశారు.

అత్త చేతులు చాపి సారు తల వెతికి పట్టుకుంది. జుట్టు, నుదురు, చెంపలు తడిమింది. చిన్నప్పుడు మా ఆయనకు తలంటు పోసేటప్పుడు ఎట్లా తడిమి ఉంటుందో అట్లా. ఆయన కదలలేదు. శవం ముందు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

"ఇయ్యాల చెప్పిండు," అంది. "ఇగ రాడు వాడు."